ఓడ నాణెం మీద గీతలు

కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 11

మరదలికి వదిన ఆశీస్సులు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మొన్న ఫోన్ చేస్తే అటు నువ్వూ ఇటు నేనూ ఏడ్చి పెట్టేశాం, అడగాల్సింది అడగనే లేదు. పైగా మీ కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మిషను మోతలో నువ్వు విన్నదెంతో, విననట్టు ఊరుకున్నదెంతో నాకు తెలియదు. కాగితం మీద పెడితే ఎవరమూ మాట తప్పించలేం.

మీ అన్నయ్య పోయిన రెండు నెలలకు, నాలుగు రోజుల కింద, ఆయన నాణేల బీరువా తెరిచాను. తాళంచెవి ఆయన పోయిన రోజు నుంచీ నా మిషను సొరుగులో బొత్తాల మధ్యే ఉంది. మొత్తం నలభై ఒక్క డబ్బీలు. ఒక్కో డబ్బీలో మఖమల్ గుంట, గుంటలో నాణెం, మూత లోపల ఎర్ర సిరాతో రాసిన చీటీ. లెక్కల మాస్టారు కదా, పిల్లల పేపర్లు దిద్దినట్టే నాణేలకూ మార్కులు వేసుకున్నారు. 61, 63, 58, 64. అవి చూసి నాకు దిగులేసింది. ఇరవై ఐదేళ్లు కడుపు కట్టుకుని కొన్నవన్నీ ఇలా అత్తెసరు మార్కుల సరుకేనా అనుకున్నాను.

నాణేల కొట్టాయన దగ్గరకు వెళ్లి అదే అడిగితే ఆయన కుర్చీ వెనక్కి వాలేంత నవ్వాడు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడేసుకుంటాడే, మీ అన్నయ్య ఆయన్ని పిలిచేది కూడా భూతద్దం అనే. ఈ మార్కులు వందకి కాదట, డెబ్భైకట. డెబ్భై అంటే ఎంత వెతికినా తప్పు దొరకని నాణెం. అది తన జన్మలో చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అన్నాడు. మీ అన్నయ్య కొన్నవన్నీ ప్రూఫ్ నాణేలట, అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. బజారులో తిరగడానికి చేసేది కాదు, చూపించుకోవడానికి చేసేది. మెరుగుపెట్టిన అచ్చుతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద, ఒకటికి రెండుసార్లు కొట్టి తీస్తారు. అందుకే నేలంతా, అంటే బొమ్మ లేని ఖాళీ చోటంతా, అద్దంలా నల్లగా మెరుస్తూ ఉంటుంది, పైన బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఆ నలుపు తెలుపుల తేడా ఎంత బాగుంటే నాణేనికి అంత విలువ.

నేనూ నేర్చుకుందామనుకుంటున్నాను. అమ్మినా ఉంచుకున్నా, ఏది ఎంతటిదో తెలియకపోతే ఎవడైనా నెత్తిన చెయ్యి పెడతాడు. భూతద్దం మంచివాడే, కానీ మొత్తం బీరువా ఒకేసారి నేను తీసుకుంటానమ్మా అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఎందుకన్నాడా అని ఆలోచిస్తున్నాను.

నీ ఓడ నాణెం చూశాను. ఓడ బొమ్మ, నువ్వు పుట్టిన సంవత్సరం ముద్ర ఉన్న వెండిది, ఆయన మొదటి జీతంతో కొన్నది. నా తర్వాత అది చెల్లెలిది అని ఆయన నాతో వందసార్లు అన్నారు. మాట మాటే, ఇస్తాను. ఒక్క సంగతి మాత్రం అడగాలి. నలభై డబ్బీల్లో చీటీ ఉంది, నీ డబ్బీలో లేదు. ఆయన మంచాన పడ్డప్పుడు నేను కొట్టు చూసుకుంటూ ఉంటే నువ్వు ఆయన దగ్గర పన్నెండు రోజులున్నావు కదా, ఎప్పుడైనా తీసి చూశావా? ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన


కళ్లజోళ్ల షాపు, పై గది
ఫిబ్రవరి 20

వదినకు నమస్కారాలు.

మీరు ఊరికే అడిగినవేవీ ఊరికే అడిగినవి కావని పాతికేళ్లుగా నాకు తెలుసు. చీటీ నేను తీయలేదు. అన్నయ్య ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటాడు. మీరు మాత్రం ఆ భూతద్దంతో జాగ్రత్త. వచ్చిన ప్రతివాడికీ కళ్లజోడు అవసరమేనని చెప్పే మా యజమాని మొహమూ, మొత్తం నేనే తీసుకుంటాననే ఆయన మొహమూ ఒకే అచ్చులో పోసి ఉంటారు.

మార్కులు తక్కువని దిగులుపడ్డారా? నాణేలకు అన్ని వేశాడంటే గొప్పే. నన్ను ముప్ఫైనాలుగూ అని ఎందుకు పిలిచేవాడో మీకు ఎప్పుడైనా పూర్తిగా చెప్పాడా? తొమ్మిదో తరగతి పెద్ద పరీక్షలో లెక్కల పేపరు దిద్దింది అన్నయ్యే. ఏడో లెక్కకు ముందు నాలుగు మార్కులు వేశాడు. తర్వాత మళ్లీ చూసి, దాన్ని కొట్టేసి మూడు చేసి, దిద్దిన మార్కు గనక పక్కన పొట్టి సంతకం పెట్టాడు. దాంతో ముప్ఫై అయిదు కాస్తా ముప్ఫైనాలుగైంది. ఒక్క మార్కు కలపరా అని నాన్న అడిగాడు, అమ్మ అన్నం తినడం మానేసింది. మిగతా నలభై మందికి ఏం జవాబు చెప్పనని అన్నయ్య కదల్లేదు. సెలవులన్నీ కూర్చుని మళ్లీ చదివి మళ్లీ రాశాను. ఆ పేపరు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది వదినా. ఎప్పటికైనా నలుగురిలో బయటపెట్టి వాడి పరువు తీయాలని సాక్ష్యంగా దాచాను. ఇక ఎవరికి చూపించను?

ఓడ నాణెం సంగతి మీరు ఎత్తారు గనక చెబుతున్నాను. అమ్మానాన్నలు పోయాక ఆ ఇంట్లో నాదంటూ మిగిలింది అదొక్కటే. దాని విలువ నాకక్కర్లేదు. చిన్నప్పుడు అన్నయ్య దాన్ని న్యూస్ పేపరు మీద నిలబెట్టి, అద్దంలాంటి నేలలో ఆ అక్షరాలు ఎంత దూరం వరకు కనబడుతున్నాయో నాతో చదివించేవాడు. చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు. చూడ్డానికి మాత్రం హక్కుంది, అది నువ్వు పుట్టిన ఏడు అనేవాడు.

మీకు పని పెరిగింది కదా, డబ్బీలన్నీ దుమ్ము పట్టి ఉంటాయి. నా పసుపు గుడ్డ ఒకటి అక్కడే మర్చిపోయి వచ్చాను, అద్దాలు తుడిచేది. ఎంత మసకైనా దాంతో రెండు తిప్పులు తిప్పితే పోతుంది. నాణేలన్నీ దాంతో శుభ్రంగా తుడిచి పెట్టండి.

మీ మరదలు


కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
మార్చి 4

మరదలికి,

నీ ఉత్తరం చివరి నాలుగు లైన్లు చదివి నా చేతిలో కత్తెర కింద పెట్టేశాను. ఆ మాట ఇంకెవరితోనూ అనకు. ప్రూఫ్ నాణేన్ని తుడవకూడదు. గుడ్డతో, దూదితో, పట్టుతో, దేనితోనూ. అద్దం నేల కదా, ఎంత మెత్తటి గుడ్డయినా గీత వేస్తుంది. పడిన గీత మళ్లీ పోదు. భూతద్దం నాకు నేర్పిన మొదటి పాఠం అదే. అంచులు పట్టుకోవాలి, మొహం మీద వేలు పెట్టకూడదు, దాని మీదికి వంగి మాట్లాడకూడదు కూడా, తుంపర పడితే మచ్చవుతుంది. మసక పట్టినా అలాగే వదిలేయాలి. మసకకు ఒకటి రెండు మార్కులు పోతాయి, గుడ్డకు పరువే పోతుంది అన్నాడు. తుడిచిన నాణేన్ని మార్కులేసే సంస్థలకు పంపితే అంకె కూడా వేయరట. తుడిచినది అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపేస్తారట.

ఇక అసలు సంగతికి వస్తాను. బీరువా అడుగున మీ అన్నయ్య నాణేల వివరాలు రాసుకున్న పుస్తకం దొరికింది, అందులో నీ నాణేనికి అరవై అయిదు ఉంది. పక్కన ఆయన రాత: నేల నిర్మలం, ఒక్క గీత లేదు. బీరువా మొత్తంలో అదే ఎక్కువ మార్కు. మొన్న దాన్ని బల్బు కింద పెట్టి, భూతద్దం చెప్పినట్టు నెమ్మదిగా వంచి చూశాను. ఒకవైపు వంచితే అంతా నల్లగా, అందంగా ఉంది. ఇంకొంచెం వంచేసరికి నేలంతా సన్నటి గీతలు లేచాయి. దారప్పోగు కంటే సన్నం. మొదట నా కంటి అద్దం మీద అనుకున్నాను, తుడుచుకుని చూశాను. కాదు, నాణెం మీదే.

కొట్టుకు తీసుకెళ్లి చూపించాను. ఆయన చాలాసేపు చూసి భూతద్దం దించి, మాస్టారు నాకు చూపించిన నాణెం ఇది కాదమ్మా అన్నాడు. అది గీత లేనిదట, ఆయన కళ్లలో ఇప్పటికీ ఉందట. అచ్చు ఇలాంటివే, ఎవరో తుడిచి పాడుచేసినవి, ఎక్కడైనా తక్కువకు దొరుకుతాయట. ఎవరైనా మార్చి ఉంటారని నోటితో అనలేదు గానీ అనాల్సిందంతా అనేశాడు.

చీటీ లేదు, గీతల్లేని నాణెం లేదు. ఆ గదిలోకి వచ్చినవాళ్లు ఎందరు? నేను. ఒకసారి చూడ్డానికి వచ్చిన భూతద్దం, అదీ నేను పక్కనుండగా. ఆ తర్వాత పన్నెండు రోజులు నువ్వు. నేను అనడం లేదు, అడుగుతున్నాను. అది ఎలాగూ నీకు రావలసిందే కదా, ముందే తీసుకున్నానంటే నేనేమీ అనను. కానీ దాని స్థానంలో ఇంకోటి పెట్టి నన్ను వెర్రిదాన్ని చేస్తే మాత్రం ఊరుకోలేను.

వదిన


పై గది
మార్చి 15

వదినకు,

నేను నాణెం మార్చలేదు. మార్చాల్సిన అవసరం నాకు లేదు.

నాదని మీరే చెప్పిన నాణేన్ని నన్ను అడగకుండా కొట్టుకు ఎందుకు తీసుకెళ్లారు? ఇంకొకరి వస్తువు వెల కట్టించడానికా? ఆ మాట నేనూ అడుగుతున్నాను, అనడం లేదు.

పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

మరదలు


కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
ఏప్రిల్ 6

మరదలికి,

మళ్లీ రాస్తానని మూడు వారాలైంది. ఫిబ్రవరిలో రెండు పేజీలు నిండా రాసినదానివి మార్చికి ఆరు ముక్కలకు దిగావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నీ ఉత్తరం. నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను, తర్వాత నాకు నువ్వు చెప్పు.

అవును, వెల కట్టించడానికే తీసుకెళ్లాను. పుస్తకంలో అరవై అయిదు చూశాక, ఇంత మంచిది ఒక్కటే ఉంటే అది కూడా ఇచ్చేయాలా అనిపించింది. అనిపించిందంతే. నేర్చుకునే వాళ్లకు మొదట పట్టుకునే జబ్బు ఇదేనేమో, మంచిది కనబడితే వదలబుద్ధి కాదు. సిగ్గుగానే ఉంది, అయినా రాశాను.

ఇప్పుడు రెండో సంగతి. భూతద్దం మాటను గుడ్డిగా నమ్మకూడదని నువ్వే అన్నావు. అందుకే పుస్తకం మళ్లీ చదివాను. మీ అన్నయ్య ప్రతి నాణేనికీ పుట్టుమచ్చ రాసి పెట్టుకున్నారు, ఎవరైనా మారిస్తే దొరకాలని. నీ నాణేనికి రాసింది ఇది: తెరచాప కింద, ఆవగింజలో సగం చుక్క, బిళ్లలోనే ఉన్నది. మీ అన్నయ్య నాణేలు చూసుకునే అద్దం పెట్టి వెతికాను. ఉంది, తెరచాప కిందే ఉంది. కాబట్టి ఇది ఆయన నాణెమే, ఎవరూ మార్చలేదు. నిన్ను ఆ మాట అన్నందుకు తప్పు ఒప్పుకుంటున్నాను.

కానీ నాణెం అదే అయితే గీతలు కొత్తవి. ఎవరో తుడిచారు. ముందు నన్నే అనుమానించుకున్నాను, అలవాటు చొప్పున చెయ్యి ఎప్పుడైనా ఆడించానేమో అని. స్టీలు మూత ఒకటి తెచ్చి నేను తుడిచే తీరున తుడిచి బల్బు కింద పెట్టాను. నా గీతలు నిలువుగా వచ్చాయి. ఇస్త్రీ చేసే చెయ్యి కదా, ఇటు నుంచి అటు లాగడమే దానికి తెలుసు. నాణెం మీది గీతలు నిలువువి కావు. చిన్న చిన్న సున్నాలు, ఒకదాని మీద ఒకటి, నడుమ నుంచి అంచుకు తిరుగుతూ. ఎంత మసకైనా రెండు తిప్పులు తిప్పితే పోతుందని రాసింది నువ్వే.

నువ్వు కౌంటరు దగ్గర అద్దాలు తుడవడం నేను చూశాను. బొటనవేలు గుడ్డలో పెట్టి తిప్పుతావు. ఎందుకు చేశావు? ఆయన చూస్తుండగా చేశావా, ఆయన నిద్రపోయాక చేశావా? నాకు నిజం కావాలి. అది తెలిస్తే గానీ నీతో మామూలుగా మాట్లాడలేను.

వదిన


పై గది
ఏప్రిల్ 19

వదినకు,

నేనే తుడిచాను.

మీ మార్చి ఉత్తరం చదివేదాకా నేను చేసింది తప్పని నాకు తెలియదు. అది చదివాక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. మీకు ఏం రాసినా అబద్ధమో, నిజమో అవుతుంది. రెండూ రాయలేక పని ఉందన్నాను.

ఆ రోజు మీరు కుట్టిన యూనిఫారాలు ఇవ్వడానికి స్కూలుకు వెళ్లారు. పదకొండైంది. అన్నయ్యకు అప్పటికి చూపు చాలా తగ్గింది, కిటికీ ఎటో కూడా చేత్తో తడుముకుని చెప్పేవాడు. ఉన్నట్టుండి, ఓడ తియ్యవే ముప్ఫైనాలుగూ అన్నాడు. వాడి దిండు కింది తాళంచెవితో బీరువా తీసి డబ్బీ ఇచ్చాను. నాణేన్ని ఎప్పటిలాగే అంచులు పట్టుకుని తీశాడు, మంచం మీద పేపరు పరిచి దాని మీద నిలబెట్టాడు. అక్షరాలు ఎంత దూరం కనబడుతున్నాయో చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. చదవమని నన్ను అడగలేదు, వాడే చదవాలనుకున్నాడు. తర్వాత, మసక పట్టింది, ఒక్కటీ కనబడ్డం లేదు అన్నాడు.

నాకు తెలుసు వదినా, మసక నాణేనికి కాదని. ఇరవై ఏళ్లుగా మసక కళ్లతోనే నా బతుకు. నీ కళ్లకేనని ఎలా చెప్పను? అవునన్నయ్యా, దుమ్ము పట్టింది అన్నాను. జేబులో పసుపు గుడ్డ ఉంది. వాడి చేతిలోంచి తీసుకుని ఆవిరి ఊది, రెండు వైపులా తిప్పి తిప్పి తుడిచాను. గట్టిగానే తుడిచాను, బాగా కనబడాలని.

అన్నయ్య నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు. చెయ్యి కూడా కొంచెం లేచింది. మళ్లీ దుప్పటి మీద పెట్టేశాడు. నేను తుడవడం అయ్యేదాకా అలాగే ఉన్నాడు. నాణెం చేతికిస్తే పేపరు మీద నిలబెట్టి, ఇప్పుడు కనబడుతోంది అన్నాడు. పై లైను చదివాడు కూడా. అది పేపరులో లేదు, తర్వాత చూశాను. వాడికి కావలసిందేదో వాడు చదువుకున్నాడు.

వాడికి తెలుసు కదా, గీతలు పడుతున్నాయని? ఊపిరి కూడా తగలనివ్వని మనిషి. మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ లేచిన చెయ్యే నాకు కనబడుతోంది. నా కోసం దాచిన ఒక్క వస్తువును వాడి కళ్ల ముందే నేను పాడుచేశాను. వాడు నన్ను ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు తెలియదు. ఆ రోజు ఆ గుడ్డ అక్కడే వదిలేశాను.

ఆ నాణెం నాకు పంపొద్దు. దాన్ని చూడలేను.

మరదలు


కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
మే 3

మరదలికి,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు కోపంతోనే ఉన్నాను. నాణెం పాడైనందుకు అనుకుంటావు, కాదు. ఓడ తియ్యమని ఆయన అడిగింది నిన్ను. ఇరవై అయిదేళ్లు అన్నం పెట్టినదాన్ని, ఆ గంటలో నేను యూనిఫారాలకు బొత్తాలు సరిచూసుకుంటున్నాను. నాకు అసూయగా ఉంది. రాయకపోతే అది ఇంకో గీతవుతుందని రాస్తున్నాను.

మూడో రోజు నీ మాట మీద కూడా నాకు అనుమానం వచ్చింది. కథ అల్లావేమోనని. అంత బాగా ఉంది మరి. గుడ్డ అక్కడే వదిలేశానన్నావు కదా, నిజమైతే గుడ్డ ఉండాలి. దిండు గలేబులు, సొరుగులు, ఆయన చొక్కా జేబులు అన్నీ వెతికాను, ఎక్కడా లేదు. వెతకనిది ఒక్కటే మిగిలింది, ఆయన కళ్లజోడు పెట్టె. ఆయన పోయిన రోజు మూసి పెట్టినది నేను మళ్లీ తెరవలేదు. తెరవడానికి నాకు ఒక పూట పట్టింది.

కళ్లజోడు కింద నీ పసుపు గుడ్డ ఉంది, నాలుగు మడతలు పెట్టి. మడతలో చీటీ ఉంది. ఈ ఉత్తరంతో పెట్టి పంపుతున్నాను, చూడు.

పైన అరవై అయిదు, పాత రాత. దాన్ని కొట్టేశారు. కింద యాభై ఏడు వేశారు, అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. దాని పక్కన ఒకటి కలిపి, యాభై ఎనిమిది చేశారు. కింద ఒక లైను: తుడిచినది. ఒక మార్కు కలపడమైనది. దాని పక్కన పొట్టి సంతకం.

ఇప్పుడు గుర్తొస్తోంది. నువ్వు ఊరికి వెళ్లిన మర్నాడు ఎర్ర పెన్ను కావాలన్నారు. ఈ కళ్లతో ఎవరి పేపరు దిద్దుతారండీ అన్నాను. ఒకటి బాకీ ఉంది అన్నారు. జ్వరంలో మాటలనుకుని పెన్ను చేతిలో పెట్టి టీ కాయడానికి వెళ్లిపోయాను. గీతలు ఆయనకు కనబడి ఉండవు. గుడ్డ తిరుగుతున్న చప్పుడు వింటే ఆయనకు చాలు, ఎనిమిది మార్కులు పోయాయని లెక్క తెలిసిపోతుంది.

భూతద్దానికి చీటీ చూపించాను. తుడిచిన నాణేనికి అంకె వేయడమే తప్పు, పైన కలపడమేమిటి, మాస్టారు ఇలాంటివారు కాదే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. చీటీ తిరిగి తీసుకుని వచ్చేశాను. బీరువా ఆయనకు ఇవ్వడం లేదు. నలభై నాణేలూ నేనే మళ్లీ మొదటి నుంచి చూస్తాను, తప్పయినా నా మార్కులు నేను వేసుకుంటాను.

ఓడ నాణెం నీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తీసుకో.

నీ వదిన


కళ్లజోళ్ల షాపు, పై గది
మే 12

వదినకు నమస్కారాలు.

చీటీ చూడగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, అనుమానం. నన్ను ఊరడించడానికి మీరే రాశారేమోననుకున్నాను. చిరుగు ఎక్కడుందో తెలియకుండా రఫ్ఫు చేసే చెయ్యి మీది, పైగా అన్నయ్య రాత మీకు కంఠతా వచ్చు. మీ దగ్గర నేర్చుకున్నదే ఈ బుద్ధి, తిట్టకండి.

పెట్టె అడుగు నుంచి నా లెక్కల పేపరు తీశాను. షాపులో అద్దాలు పరీక్షించే బల్ల ఉంది కదా, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పేపరునూ చీటీనీ పక్కపక్కన పెట్టి పెద్ద కటకం కింద చూశాను. ఏడో లెక్క దగ్గర నాలుగును కొట్టేసిన తీరు, చీటీ మీద అరవై అయిదును కొట్టేసిన తీరు ఒక్కటే. కుడి నుంచి ఎడమకు, రెండు గీతలు, రెండోది పొట్టిది. సంతకం తోక రెండుచోట్లా కిందికి దిగి వెనక్కి తిరిగింది. ఒక్కటే తేడా, పేపరు మీద చెయ్యి వణకలేదు.

బల్ల దగ్గర ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. యజమాని వచ్చి ఆ పవరు ఎంతని అడిగితే ముప్ఫై అయిదు అన్నాను. ఆయన అలాంటి పవరు ఉండదన్నాడు.

పేపరూ చీటీ రెండూ ఒకే కవరులో పెట్టాను. ఇక సాక్ష్యం అవసరం లేదు గానీ దాచుకుంటాను.

వచ్చే నెల మొదటి వారంలో వస్తున్నాను. ఆ రోజు కొట్టు మూయండి. ఓడను పేపరు మీద నిలబెట్టి ఇద్దరం చదువుదాం, ఎంత దూరం కనబడితే అంత. నేను వచ్చేదాకా దాన్ని డబ్బీలోనే ఉంచండి. మసక పట్టిందని ఎవరన్నా సరే, తుడవనివ్వకండి.

మీ ముప్ఫైఅయిదు